అరవని నోళ్ళు

“ప్లాట్‌ఫారం దిగిపోవడం మీరు చూశారు. అయినా అరవలేదు.”

అడిగేశాక, ఇంకాస్త మెత్తగా అడగాల్సిందనిపించింది. కామ్ పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. అందరూ లిన్ అక్క అని పిలిచే గాయని లుక్ సౌలిన్ వేసుకోబోయే వెండి గౌను ఆవిడ ఒళ్ళో ఉంది. ఆమె మొదటి కచేరీ నుంచి ఆమె బట్టలన్నీ చూసుకుంటున్నది ఈవిడే. డెబ్బై దాటాయి. రాత్రంతా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి.

“ఎట్లా అరుస్తాను సార్? పులి ఇంకా వేదిక మీదే ఉంది.”

కొత్త వేదిక మీద ఆట మొదలుపెట్టే ముందు తెల్లపులిని శాంతింపజేయాలి. సేనాని వేషం కట్టిన మనిషి, పులి తొడుగులో ఉన్న మనిషిని గొలుసుతో కట్టి ఈడ్చుకుపోయేదాకా అక్కడున్న ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే పులి చూపు బృందం మొత్తం మీద పడుతుంది. నాటకాల వాళ్ళ ఆచారమిది. పాప్ పాటల కచేరీలకు సాధారణంగా ఎవరూ చేయించరు. కానీ లుక్ సౌలిన్ చిన్నప్పుడు నాటక బృందంలో పెరిగింది. హాంకాంగ్‌లో మొదలై కాంటన్, తైపీ, సింగపూర్ మీదుగా సాగే ఈ పెద్ద యాత్రకు ముందు, ఒక్క కచేరీ కూడా జరగని ఈ కొత్త హాల్లో, నిన్న మధ్యాహ్నం ఆ పూజ చేయించింది.

ఆ పూజలోనే ఆమె బ్యాండు నాయకుడు మోక్ చచ్చిపోయాడు. వేదిక నడుమ ఉన్న లిఫ్టు ప్లాట్‌ఫారం అతని వెనకాల చప్పుడు లేకుండా కిందికి దిగింది. అతను వెనకడుగు వేసి ఆ గోతిలో పడ్డాడు. చూసినవాళ్ళు నలుగురు. ఒక్కరూ అరవలేదు.

ప్లాట్‌ఫారం బిగించని తప్పుకు స్టేజి మేస్త్రీ చియుని పోలీసులు పట్టుకెళ్ళారు. ఈ సాయంత్రం కేసు రాసేస్తారు. రాస్తే జైలు ఖాయం, ఇక జన్మలో ఏ స్టేజీ మీదా అతన్ని కాలు పెట్టనివ్వరు. చియు భార్యా, నా భార్యా ఒకే గుడికి వెళతారు. పొద్దున ఆవిడ మా ఇంటికొచ్చి, మా దేవుడి గూడు ముందు కూర్చుని లేవనంటే లేవలేదు. పోలీసు ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా, నేను చొక్కా వేసుకుని బయల్దేరక తప్పలేదు.

“చియు ఎక్కడున్నాడు అప్పుడు?”

“నా పక్కనే. వాడూ చూశాడు. నా చెయ్యి పట్టుకున్నాడు సార్, ఇదిగో ఇక్కడ.” ముంజేతి మీద వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. “నోరు తెరిచాడు. నేనే వాడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. వాడు అరుద్దామనే అనుకున్నాడు. నేనే…”

గోడ అవతల ఎవరో కీబోర్డు మీద ఒకే స్వరాన్ని సరిచూస్తున్నారు. మోక్ కీబోర్డు కాదది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. దాని మీద అతని హెడ్‌ఫోన్లు, పక్కన చక్కెర లేని చల్లటి పాల టీ గ్లాసు పెట్టి ఉంచారు. ఐసు కరిగి టీ గ్లాసు అంచుదాకా వచ్చింది. ఇది ఏడో నెల, పోయినవాళ్ళ ఆత్మలు తిరిగొచ్చే నెల. హాల్లో మొదటి వరుస కుర్చీల టిక్కెట్లు ఎలాగూ అమ్మలేదు. వాటిలో ఎవరు కూర్చుంటారో ఈ ఊళ్ళో ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ వరుసలో ఇంకొకరు చేరారని పొద్దున్నుంచి పనివాళ్ళు అటు చూడకుండా నడుస్తున్నారు.

“ప్లాట్‌ఫారం ఒక్కసారిగా దిగిందా?”

“లేదు. ఇంత దిగి ఆగింది.” మోకాలి ఎత్తు చూపించింది. “పోన్లే దేవుడా, ఆగిందిలే అనుకున్నాను. మళ్ళీ కదిలింది. ఈసారి పూర్తిగా పోయింది. చేతులూపాము సార్, పిచ్చివాళ్ళలా ఊపాము. ఆయన అటు తిరిగి ఉన్నాడు కదా.”

“ఎందుకు అటు తిరిగి ఉన్నాడు?”

“కోతి సంవత్సరంలో పుట్టినవాళ్ళకీ పులికీ పడదు. వాళ్ళు మొహం చూపించకూడదు. లిఫ్టుకి అవతల ఎర్ర కాగితం అంటించి ఉంది, అక్కడ వీపు తిప్పి నిలబడాలి. గొలుసు చప్పుడు దగ్గరికొస్తే రెండడుగులు వెనక్కి వేసి పులికి దారివ్వాలి.”

“అయితే మోక్‌ది కోతి సంవత్సరం.” మా లెక్కలో ఏడాదికో జంతువు, పన్నెండేళ్ళకు పన్నెండు.

“ఆయనా? కుక్క. ఆయనా లిన్ అక్కా ఇద్దరూ కుక్క సంవత్సరమేనని ఎప్పుడూ…” ఆగిపోయింది. దారం పంటితో కొరికింది. గౌనులో కుట్టాల్సింది ఇంకా ఉంది.

“మరి అక్కడెందుకు నిలబడ్డాడు పిన్నీ?”

“నాకేం తెలుసు? బట్టలు కుట్టుకునేదాన్ని. వెళ్ళు నాయనా, నాకు పనుంది.”

అప్పటిదాకా సార్ అన్న మనిషి నాయనా అంది. భయపడ్డప్పుడు పెద్దవాళ్ళు మనల్ని చిన్నపిల్లల్ని చేస్తారు.

*

లిఫ్టు గోతి దగ్గర సేతో అనే ఇన్‌స్పెక్టర్ నాకోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది. ఒకప్పుడు నా కింద రెండేళ్ళు పనిచేసింది. తెలివైన మనిషి. ఆ రోజుల్లోనే నాకంటే ముందు జవాబు చెప్పేది, తప్పయినా సరే.

“ఫుంగ్ సార్, రిటైరైనవాళ్ళు పొద్దున్నే టీ తాగి, పిట్ట పంజరం పట్టుకుని పార్కుకి పోతారు. మీరేంటి గోతుల్లో దిగుతున్నారు?”

“పిట్టలు మా ఆవిడకి గిట్టవు మేడమ్. రెట్టలేస్తాయని.”

“చియు పెళ్ళాం ఏడ్చింది, మీరు కరిగిపోయారు. అంతేగా?”

“ఏడిస్తే కరగకపోతే అప్పుడు నన్ను పార్కుకి పంపించొచ్చు.”

ఆమె నవ్వలేదు. “పది నిమిషాలు. ఏదీ ముట్టుకోకండి.”

ఇనుప నిచ్చెన దిగాము. ఇద్దరు మనుషుల లోతుంది. కింద దిగి ఉన్న ప్లాట్‌ఫారం మీద సున్నంతో గీసిన మనిషి ఆకారం ఉంది. ఒక చెయ్యి తల కిందికి పోయి, నిద్రపోతున్నట్టుంది. మనసులో ఒక దండం పెట్టుకున్నాను. సేతో అటు తిరిగి టార్చి వెలిగించింది. నేను చూస్తుండగా ఆమె ఇలాంటివాటికి దండం పెట్టడం ఎప్పుడూ లేదు. పెట్టదని కూడా నేననుకోను.

“చూడండి. ప్లాట్‌ఫారం పైన నిలబడాలంటే ఈ కన్నంలో పిన్ను ఉండాలి. లేదు. పిన్ను చియు పనిముట్ల బెల్టులో దొరికింది. పిన్ను లేకపోతే నూనె వత్తిడి తగ్గి దానంతటదే దిగిపోతుంది. మనిషి నిర్లక్ష్యం, మనిషి చావు. ఇందులో దెయ్యాలూ లేవు, కథా లేదు.”

“బెల్టు చియు నడుముకే ఉందా?”

“వెనక నుంచి కిందికి దిగే మెట్ల దగ్గర, కొక్కేనికి.”

“పూజలో ఇనుప చప్పుడు కాకూడదని విప్పి తగిలించాడు. అటుగా పోయే ఎవరైనా పిన్ను తెచ్చి అందులో వేసి ఉండొచ్చు.”

“ఉండొచ్చులతో కోర్టుకి పోలేను సార్.”

“సరే. మోకాలెత్తు దిగి ఆగింది, మళ్ళీ దిగింది అని కామ్ పిన్ని చెబుతోంది. నూనె కారడం మొదలైతే మధ్యలో ఆగి ఆలోచించుకుంటుందా?”

“భయపడ్డ మనిషి కళ్ళు ఏదైనా చూస్తాయి.”

“మిగతా ముగ్గురూ?”

సేతో టార్చి నేల మీదికి దించింది. అంటే వాళ్ళూ అదే చెప్పారన్నమాట. చెప్పినా, పక్కన పెట్టింది.

“మీటతో దింపితే అలారం మోగుతుంది. అంత నిశ్శబ్దంలో అలారం మోగితే ఊరంతా వినేది. కరెంటు పోయినప్పుడు చేత్తో దింపడానికి ఒక వాల్వు ఉండాలి. ఎక్కడుంది?”

ఆమె టార్చి గోతి మూలకు తిరిగింది. స్తంభం వెనక, మనిషి ఒదిగి నిలబడేంత చోటు. అక్కడ ఎర్ర పిడి ఉన్న వాల్వు. నేను వంగి చూశాను. వాల్వు కంటే ముందు, దాని పక్కన స్తంభానికీ గోడకూ మధ్య సందులో ఉన్నది నా కంట పడింది.

కాలిపోయిన అగరుబత్తి పుల్ల. నిటారుగా, ఒరగకుండా గుచ్చి ఉంది. కింద బూడిద చుట్టలా పడి ఉంది. ముక్కు దగ్గరగా పెట్టాను. మంచి గంధం. పైన పూజలో అందరి చేతికీ తలా ఒకటి ఇచ్చింది ఇదే. లుక్ సౌలిన్ ప్రత్యేకంగా తెప్పించిన సరుకు, హాల్లో ఇంకా ఆ వాసన వదల్లేదు.

“చచ్చినాయన కోసం ఎవరో వెలిగించారు,” అంది సేతో.

“ఎప్పుడు? అతను పడ్డ కాసేపటికే మీవాళ్ళు గోతికి సీలు వేశారు. ఎవర్నయినా అగ్గిపుల్ల గియ్యనిచ్చారా?”

ఆమె పైకి చూసి కాపలా కానిస్టేబుల్‌ని అడిగింది. ఎవరూ దిగలేదన్నాడు. ఇద్దర్ని అడిగింది, ఇద్దరూ అదే మాట.

అంటే, వాల్వు తిప్పినవాడు చేతిలో వెలుగుతున్న బత్తితోనే కిందికి దిగాడు. వాల్వు తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. దేవుడి ముందు వెలిగించినదాన్ని నేల మీద పడేయడానికి మనసొప్పలేదు. సందు వెతికి, నిటారుగా నిలబెట్టి, ఆ తర్వాత వాల్వు మీద చెయ్యి వేశాడు. అది కాలుతూ ఉంది, పైన మనిషి పడ్డాడు, ఇంకా కాలుతూనే ఉంది. నేను రోజూ పొద్దున్నే చేసే పనే అది. బత్తిని నిలబెట్టేటప్పుడు నా వేళ్ళూ అంత జాగ్రత్తగానే ఉంటాయి. భక్తి మనిషి చేతుల్లో ఉంటుందా, చేతులు చేసే పనిలో ఉంటుందా? ఇన్నేళ్ళొచ్చినా నాకు తెలియలేదు.

“కింద ఒక మనిషి ఉన్నాడు మేడమ్. చియు పైన, కామ్ పిన్ని చెయ్యి పట్టుకుని ఉన్నాడు.”

సేతో టార్చి నా వైపు తిప్పింది. “మోక్‌ని చంపాల్సిన అవసరం ఎవరికుంది? నిన్న రాత్రంతా అదే అడిగాను. ఆయనకి శత్రువులే లేరు.”

“మోక్ ఒంటి మీద ఏముంది?”

“ప్యాంటు, చొక్కా, ఊదారంగు జాకెట్. ఏసీ చలికి వేసుకున్నాడు.” ఫోనులో ఫొటో చూపించింది. మెడ చుట్టూ మెత్తటి బొచ్చు, నడుము దగ్గర కుచ్చు, మగవాడికి పట్టని భుజాలు. గుండీలు పెట్టుకోలేక ఊరికే కప్పుకున్నాడు.

నేను వాల్వు దగ్గర ఒదిగి నిలబడి పైకి చూశాను. ప్లాట్‌ఫారం పైనుంటే ఇక్కడి నుంచి ఏమీ కనబడదు. మోకాలెత్తు దింపితే సందు తెరుచుకుంటుంది. ఆ సందులోంచి గోతి అంచున ఎర్ర కాగితం మూల, దాని మీద నిలబడ్డ మనిషి వీపు కనిపిస్తాయి. మొహం కనబడదు. జాకెట్ కనిపిస్తుంది.

“అందుకే ఆపాడు,” అన్నాను. “తను అనుకున్న మనిషే నిలబడిందా లేదా అని చూసుకున్నాడు.”

సేతో నా పక్కకొచ్చి తనూ పైకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, “పదండి సార్. ఆ జాకెట్ ఎవరిదో నాకు తెలుసు,” అంది.

*

లుక్ సౌలిన్ అద్దం ముందు కూర్చుని ఉంది. ఆమెకు అరవై ఆరేళ్ళని లోకం అంతా అనుకుంటుంది. తెర మీద కంటే చిన్నగా, ఎక్కువ అలసటగా కనిపించింది. పెద్దా చిన్నా అందరికీ ఆమె లిన్ అక్కే. నా పెళ్ళిలో బాజాల కంటే ఈమె పాటే ఎక్కువసార్లు మోగింది.

“చియుని వదిలేస్తారా?” అదే ఆమె మొదటి మాట. “వాడు నా గౌను అంచు లిఫ్టులో ఇరుక్కుంటుందేమోనని మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాడు. అలాంటివాడు పిన్ను మరిచిపోతాడా?”

“వదిలించాలనే వచ్చాను అక్కా. దానికి మీరొక నిజం చెప్పాలి.” నేను కుర్చీ లాక్కున్నాను. “మా అమ్మాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఆవిడ దాని చొక్కా గుడికి తీసుకెళ్ళి దీవెన చేయించింది. మనిషి రాలేకపోతే బట్ట వెళుతుంది కదా. నిన్న మోక్ ఒంటి మీదున్నది మీ బట్ట. కుక్క సంవత్సరంవాడు కోతివాళ్ళ చోట నిలబడ్డాడు. ఎవరి కోసం?”

ఆమె అద్దంలో నన్ను చూసింది. కాదంటుందేమో అనుకున్నాను.

“పాట పాడమని పిలిచినప్పుడు నాకు పద్దెనిమిది,” అంది. “పదహారేళ్ళ పిల్ల అంటే రికార్డులు బాగా పోతాయని రెండేళ్ళు కొట్టేసి, కోతిని కుక్కని చేశారు. దిద్దుకునే రోజు మళ్ళీ రాలేదు. నేను కోతినే ఫుంగ్ సార్. నిన్న అందరి ముందూ ఆ కాగితం మీద ఎలా నిలబడను? నిలబడకుండా పులి మొహం ఎలా చూడను? వణుకుతున్నాను. మోక్ చూశాడు. ‘నేను కుక్కని, పులికి నేస్తాన్ని, నన్నేం చేస్తుంది? ఆ జాకెట్ ఇలా ఇవ్వు’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు.”

మనుషులకు నిజం చెప్పలేకపోయింది. దేవుడికి అబద్ధం చెప్పలేకపోయింది. రెండింటి మధ్యా ఒక మంచివాడు వచ్చి నిలబడ్డాడు. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

సేతో అడిగింది. “మీ అసలు సంవత్సరం తెలిసినవాడే మీరు అక్కడ నిలబడతారని అనుకుంటాడు. ఎవరెవరికి తెలుసు?”

“మా అమ్మకి. పోయింది. మోక్‌కి. కామ్ పిన్నికి, ఆవిడ అప్పుడు నా ఎదురుగానే ఉంది.” వేళ్ళు ఒళ్ళో ముడిచింది. “క్వాయ్ అన్నయ్యకి. ఒకే గురువు దగ్గర పెరిగాం, ఒకే చాప మీద పడుకున్నాం. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది?”

“పులి తొడుగు వేసిన యౌ క్వాయా?” సేతో తల ఊపింది. “ఆయన అందరి కళ్ళ ముందే ఉన్నాడు.”

“పులి ఉంది,” అన్నాను. “పులి అందరి కళ్ళ ముందు ఉంది. లోపల ఎవరున్నారో, నోరు విప్పకూడని రోజున ఎవరడుగుతారు? అక్కా, ఆ ఎర్ర కాగితం లిఫ్టు పక్కన అంటించింది ఎవరు?”

“అన్నయ్యే. పొద్దున.”

“వెలుగుతున్న బత్తి చేతిలో ఉండగా వేరే పని పడితే, మీ గురువు ఏం చెయ్యమనేవారు?”

“నేల మీద పెట్టకూడదు. ఏ సందు దొరికినా నిలబెట్టాలి. లేకపోతే బెత్తంతో…” మాట పూర్తి కాలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ చేతుల వెనకనుంచే మాట్లాడింది. “పులి బల్ల మీంచి ఎగిరింది సార్. నిన్న. ఒక్క ఊపున ఎగిరి అవతల దూకింది. అన్నయ్య మోకాలు చెడిపోయి పన్నెండేళ్ళు. మెట్లు ఎక్కాలంటే కర్ర కావాలి. నేను ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను. దేవుడు ఆయన ఒంట్లోకి వచ్చాడు, అందుకే ఎగరగలిగాడు అనుకున్నాను.”

అంటే తొడుగులో ఎగిరినది క్వాయ్ కాదు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. దేవుడే దిగివచ్చాడనుకుని దండం పెట్టేవాణ్ణి.

“ఎందుకు?” అంది సేతో.

“మా గురువు ఆఖరి పాట. అన్నయ్యకి నేర్పిన పాట. దానికి మోక్ కొత్త బాణీ కట్టాడు, డాన్సర్లతో, దీపాలతో. పాడొద్దని అన్నయ్య మూడుసార్లు నా కాళ్ళు పట్టుకున్నాడు. ‘గురువుని నగ్నంగా నిలబెడుతున్నావు’ అన్నాడు. నేను పాట బతకాలన్నాను.”

సేతో అప్పటికే ఫోను తీసింది. “చియు మీద కేసు ఆపండి. రాయొద్దు. బయటికి పంపండి. ఆ, నా మాటే. పూచీ నాది.” ఫోను దించి నా వైపు చూసింది. “సంతోషమా సార్? మీ చియు రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాడు.”

చియు భార్య మొహం నా కళ్ళ ముందు మెదిలింది. సంతోషం వేసింది, నిజమే. అది ఒక్క గుక్క నీళ్ళంత సేపే నిలిచింది.

“క్వాయ్ ఎక్కడున్నాడు?” అన్నాను. “ఇంటికి పోయాడా?”

లుక్ సౌలిన్ తల అడ్డంగా ఊపింది. “ఇక్కడే ఉన్నాడు. నడిమి లిఫ్టుకి మీరు సీలు వేశారు కదా, ఇవాళ ఎడమ లిఫ్టుతో రిహార్సల్. చియు లేడు. కొత్తవాడి చేతిలో నన్ను పెట్టనని, నా గౌను తనే చూసుకుంటానని, కింద నా పక్కన తనే ఉంటానని అన్నయ్య…”

తలుపు మీద కర్రతో మెల్లగా తట్టిన చప్పుడైంది.

“చిట్టీ, టైమైందమ్మా. కిందికి పోదామా?”

ముసలి గొంతు, ఎంతో ప్రేమగా ఉంది. యాభై ఏళ్ళకు పైగా ఆ పిలుపుకు పలుకుతున్న అలవాటు. సేతో చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆమె నోటి నుంచి మాట వచ్చేసింది.

“వస్తున్నా అన్నయ్యా.”

తలుపు పిడి తిరిగింది.